సీరియల్ కేబుల్ మీదుగా లినక్స్ కెర్నెల్‌ని డీబగ్ చేయడం ఎలా

మామూలు ప్రోగ్రామ్ క్రాష్ అయితే అది ఒక్కటే ఆగుతుంది. మిగతా మెషిన్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడే డీబగ్గర్ తెరిచి చూసుకోవచ్చు. హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాములనీ నడిపే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ఆగిపోతే ఆ వీలు ఉండదు. కీబోర్డ్ పని చేయదు, మౌస్ కదలదు, ఎస్ఎస్‌హెచ్ సెషన్ బిగుసుకుపోతుంది. లాగ్ ఫైల్‌లో చివరి లైను రాయాల్సిన డిస్క్ డ్రైవర్ కూడా ఆ కెర్నెల్‌లో భాగమే. అందుకే అసలు కారణం చెప్పే లైనే చాలాసార్లు డిస్క్ దాకా చేరదు. అలాంటప్పుడు ఇంకో మెషిన్ నుంచి, ఒక తీగ ద్వారా, ఆగిన కెర్నెల్ లోపలికి చూడాలి.

తీగ అంటే ఇక్కడ పాత సీరియల్ కేబులే. వైఫై, ఈథర్నెట్, యూఎస్‌బీ ఇన్ని ఉండగా ఇదెందుకంటే, సీరియల్ పోర్టు నడవడానికి కెర్నెల్ నుంచి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇంటరప్ట్‌లు ఆగిపోయినా, మెమరీ దొరకకపోయినా, రెండు మూడు రిజిస్టర్లు చదివి రాస్తే ఒక అక్షరం బయటికి వస్తుంది. మిగతావన్నీ చచ్చిపోయాక కూడా పలికేది అదే.

ఈ పనిలో కష్టమంతా జీడీబీ అనే డీబగ్గర్ వాడటంలో ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువమంది ఆగిపోయేది అంతకంటే ముందే: తప్పు కేబుల్ దగ్గర, బయోస్‌లో ఆఫ్ అయి ఉన్న పోర్టు దగ్గర, నడుస్తున్న కెర్నెల్‌కి సరిపోని సింబల్స్ (మెమరీ చిరునామాలని కోడ్‌లోని పేర్లకి కలిపే సమాచారం) దగ్గర. పైన జీడీబీ మాత్రం ఏది తప్పో విడిగా చెప్పదు, చాలాసార్లు ఒకటే జవాబు: టైమ్‌అవుట్. అందుకే కింది నుంచి పైకి, ఒక్కో మెట్టునీ విడిగా పరీక్షించుకుంటూ వెళ్లండి. కింది మెట్టు పరీక్ష పాస్ కాకుండా పై మెట్టు ముట్టుకోవద్దు. ఇందులో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే.

రెండు పేర్లు గుర్తుంచుకోండి. ఏ మెషిన్ కెర్నెల్‌ని డీబగ్ చేస్తున్నామో అది టార్గెట్. జీడీబీ నడిచే మెషిన్, అంటే మామూలుగా మీ ల్యాప్‌టాప్, హోస్ట్. ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడాలి. పెద్దక్షరాలు వచ్చే చోట ప్రత్యేకంగా చెబుతాను.

కేబుల్, అడాప్టర్ కొనడం

టార్గెట్ డెస్క్‌టాప్ అయితే ముందు వెనక ప్యానెల్ చూడండి. పిన్నులు బయటికి కనబడే 9 పిన్నుల కనెక్టర్ ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే క్యాబినెట్ తెరిచి మదర్‌బోర్డు మీద కామ్ లేదా కామ్1 అని రాసి ఉన్న హెడర్ వెతకండి. ఐదేసి పిన్నుల రెండు వరసలుంటాయి, ఒక మూల పిన్ను ఉండదు. వెనక పోర్టు తీసేసినా హెడర్‌ని మాత్రం వదిలేసిన బోర్డులు చాలానే ఉన్నాయి. దానికి తగిలించే బ్రాకెట్ కొంటే చాలు. కానీ ఈ బ్రాకెట్లలో రెండు రకాల వైరింగ్ ఉంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మీ బోర్డుకి సరిపోయేదో కాదో కింద చెప్పే లూప్‌బ్యాక్ పరీక్ష తేలుస్తుంది.

హైదరాబాద్‌లో వీటికి రెండు చోట్లున్నాయి. బ్రాకెట్, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే అడాప్టర్, పాత డెస్క్‌టాప్ లాంటివి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట వెతకండి. కనెక్టర్లు, జంపర్ వైర్లు, మల్టీమీటర్, లెవెల్ కన్వర్టర్ లాంటి విడి సామాను కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. కేబుల్ అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఉత్తినే సీరియల్ కేబుల్ అంటే స్ట్రెయిట్ కేబుల్ చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. మీకు కావాల్సింది నల్ మోడెమ్ కేబుల్, రెండు వైపులా ఫిమేల్. ఇందులో ఒక చివర 2వ పిన్ను రెండో చివర 3వ పిన్నుకి, 3వది 2వ దానికి వెళ్తాయి. 5వది, అంటే గ్రౌండ్, నేరుగా 5కే వెళ్తుంది. ఒకరు పంపింది ఇంకొకరికి వినబడాలంటే ఆ రెండూ అడ్డం మారాల్సిందే. పైనున్న లేబుల్ నమ్మకుండా, షాపులోనే మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి 2 నుంచి 3కి బీప్ వస్తుందో లేదో చూసుకుని డబ్బులివ్వండి. పార్క్‌లేన్ ట్రాఫిక్‌లో రెండోసారి వెళ్లి మార్చుకురావడం కంటే ఇది చాలా తేలిక.

యూఎస్‌బీ అడాప్టర్ హోస్ట్ వైపు మాత్రమే వాడాలి. టార్గెట్ వైపు అది పనికిరాదు. కెర్నెల్ ఆగిపోయినప్పుడు దాని లోపలే ఉండి జీడీబీతో మాట్లాడే భాగం, కేజీడీబీ, సీరియల్ పోర్టుని పోలింగ్ పద్ధతిలో, అంటే అక్షరం వచ్చిందా లేదా అని తానే పదేపదే అడుగుతూ నడుపుతుంది. బోర్డు మీది 16550 రకం పోర్టుకి అది సులువు. యూఎస్‌బీ సీరియల్ పనిచేయాలంటే యూఎస్‌బీ వ్యవస్థ మొత్తం కదులుతుండాలి, ఆగిన కెర్నెల్‌లో అది కదలదు. హోస్ట్ వైపు ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సీహెచ్340 చిప్‌లలో ఏదైనా ఫర్వాలేదు. ఖర్చు పెట్టగలిగితే ఎఫ్‌టీడీఐ తీసుకోమంటాను. ఈ చిప్‌ల ప్రపంచంలో మన ఊరి పేరు కూడా ఒకటుంది. హైదరాబాద్ కంపెనీ మాస్‌చిప్ పేరుతో వచ్చిన యూఎస్‌బీ సీరియల్ చిప్‌ల డ్రైవర్లు మాస్7720, మాస్7840 లినక్స్ కెర్నెల్ సోర్సులోనే ఉన్నాయి. డ్రైవర్ కోడ్ చదవడం నేర్చుకునేవాళ్లకు అవి మంచి పాఠాలు.

ఒక హెచ్చరిక, దీన్ని దాటేయకండి. ఆర్డునో పక్కన పెట్టి అమ్మే చిన్న యూఎస్‌బీ బోర్డులు టీటీఎల్ రకం, వాటి వోల్టేజీ 3.3 లేదా 5. పీసీ వెనకుండే పోర్టు ఆర్ఎస్-232. అందులో వోల్టేజీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఊగుతుంది, చాలా బోర్డుల్లో 12 వోల్టుల దాకా పోతుంది. ఈ రెండూ నేరుగా కలిపితే టీటీఎల్ వైపు చిప్ కాలిపోతుంది. మీ టార్గెట్ రాస్ప్‌బెర్రీ పై అయితే దాని పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు, కాబట్టి దానికి 3.3 వోల్టుల టీటీఎల్ అడాప్టరే వాడాలి: 6వ పిన్ను గ్రౌండ్, 8 పంపేది, 10 అందుకునేది. అడాప్టర్ మీది ఎరుపు పవర్ వైరుని మాత్రం బోర్డుకి తగిలించకండి. ఆర్ఎస్-232 కేబుల్‌తోనే కలపాలంటే మధ్యలో మ్యాక్స్3232 చిప్ ఉన్న కన్వర్టర్ పెట్టండి.

ఇంకో మాట కరెంటు గురించి. పాత అపార్ట్‌మెంట్లలో, గదుల్లో ఎర్తింగ్ సరిగ్గా లేని సాకెట్లు మామూలే. డెస్క్‌టాప్ క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జుమ్మంటుంది. అలాంటి చోట రెండు మెషిన్లని రెండు వేరే సాకెట్లకి పెట్టి మధ్యలో కేబుల్ కలిపితే ఆ తేడా కరెంటు గ్రౌండ్ తీగ గుండా పోతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టండి, లేదా కేబుల్ గుచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి.

మొదటి మెట్టు: తీగ పలుకుతోందా

హోస్ట్‌కి అడాప్టర్ గుచ్చి, కెర్నెల్ సందేశాలు చూపే డీమెస్‌జీ కమాండ్ నడపండి. టీటీవైయూఎస్‌బీ0 అనే పేరు రావాలి, ఇందులో యూఎస్‌బీ మూడు అక్షరాలూ పెద్దవి. ఉబుంటు 22.04లో సీహెచ్340 అడాప్టర్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక వింత ఎదురవుతుంది. పేరు వస్తుంది, వెంటనే మాయమవుతుంది. అంధుల బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉండే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ ఆ చిప్ నంబరు చూసి తనదే అనుకుని లాక్కుంటుంది. మీకు బ్రెయిలీ డిస్‌ప్లే లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. పోర్టు తెరవడానికి పర్మిషన్ లేదంటే మీ యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. మోడెమ్‌మేనేజర్ సర్వీస్ నడుస్తుంటే ఆపేయండి. పోర్టు అవతల మోడెమ్ ఉందేమోనని అది కొన్నిసార్లు తన మాటలు తాను పంపి మీ సెషన్‌ని పాడుచేస్తుంది.

ఇప్పుడు లూప్‌బ్యాక్. కేబుల్ పెట్టకుండానే అడాప్టర్ 2, 3 పిన్నులని ఒక జంపర్ వైరుతో కలపండి. తర్వాత సీరియల్ పోర్టుతో మాట్లాడే మినీకామ్ ప్రోగ్రామ్‌ని ఇలా తెరవండి:

మినీకామ్ -డీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 -బీ 115200

ఇందులో -డీ లోని డీ పెద్దక్షరం. మీరు కొట్టిన అక్షరం తిరిగి తెర మీద కనబడితే అడాప్టర్ బాగుంది. కనబడకపోతే మినీకామ్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉందేమో చూసి ఆఫ్ చేయండి. మూడు తీగల కేబుల్‌తో అది ఆన్‌లో ఉంటే అవతలి నుంచి అనుమతి కోసం ఎదురుచూస్తూ ఒక్క అక్షరం కూడా పంపదు.

టార్గెట్ వైపూ ఇదే పరీక్ష చేయాలి. అంతకంటే ముందు బయోస్‌లోకి వెళ్లి సీరియల్ పోర్ట్ ఎనేబుల్ అయి ఉందో చూడండి. అడ్రస్ 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4 అని ఉంటే అదే టీటీవైఎస్0, ఇందులో ఎస్ ఒక్కటే పెద్దక్షరం. బూట్ అయ్యాక డీమెస్‌జీలో ఆ పేరు పక్కన 16550ఏ అని రావాలి. బ్రాకెట్ వాడుతుంటే దాని 2, 3 పిన్నులు కలిపి అక్షరం తిరిగొస్తోందో చూడండి. రాకపోతే అది రెండో రకం వైరింగ్ బ్రాకెట్, మార్చుకోవాల్సిందే.

చివరగా కేబుల్ కలిపి రెండు వైపులా మినీకామ్ తెరవండి. ఇక్కడ కొట్టింది అక్కడ, అక్కడ కొట్టింది ఇక్కడ కనబడాలి. చెత్త అక్షరాలు వస్తే రెండు వైపులా బాడ్ రేటు, అంటే అక్షరాలు పంపే వేగం, ఒకటి కాదు. ఏమీ రాకపోతే కేబుల్ స్ట్రెయిట్‌ది.

రెండో మెట్టు: కెర్నెల్ తయారీ

కేజీడీబీ 2008లో 2.6.26తో అసలు కెర్నెల్‌లోకి వచ్చింది, దానికి తోడుగా ఉండి, జీడీబీ లేకుండానే కేబుల్ మీద నేరుగా కమాండ్లు తీసుకునే కేడీబీ 2010లో 2.6.35తో వచ్చింది. కెర్నెల్‌కి డీబగ్గర్ పెట్టడం లినస్ టోర్వాల్డ్స్‌కి ఇష్టం లేదు, 2000లోనే ఆ మాట మెయిలింగ్ లిస్టులో బాహాటంగా చెప్పారు. కోడ్ చదివి ఆలోచించి తప్పు పట్టుకోవాలన్నది ఆయన వాదన. ఆ వాదనలో నిజం ఉంది. అయినా, వేరేవాళ్లు రాసిన డ్రైవర్ వారానికోసారి ఏ కారణమూ చెప్పకుండా హ్యాంగ్ అవుతుంటే ఏ కోడ్ చదవాలో తెలియడానికైనా ముందు లోపలికి చూడాలి.

మీ డిస్ట్రిబ్యూషన్ కాన్ఫిగ్ ఫైల్‌తో మొదలుపెట్టి, మేక్ మెనూకాన్ఫిగ్‌లో కెర్నెల్ హ్యాకింగ్ అనే విభాగానికి వెళ్లండి. కేజీడీబీ, దాని కింద సీరియల్ కన్సోల్, కేడీబీ, మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ (కెర్నెల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే మీటల సౌకర్యం), డీబగ్ ఇన్ఫో, జీడీబీ స్క్రిప్ట్స్ ఆన్ చేయండి. డీబగ్ ఇన్ఫో రెడ్యూస్డ్ అనేది ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే జీడీబీ స్క్రిప్ట్స్ మెనూలో కనబడవు. ఉబుంటు కాన్ఫిగ్ వాడుతుంటే ట్రస్టెడ్ కీస్ అనే చోట ఉన్న సర్టిఫికెట్ ఫైల్ పేరు చెరిపేయండి, లేకపోతే ఆ ఫైల్ లేదంటూ బిల్డ్ మధ్యలో ఆగుతుంది.

డీబగ్ ఇన్ఫోతో పూర్తి కాన్ఫిగ్ బిల్డ్ చేస్తే డిస్క్ బాగా తింటుంది, 20 జీబీకి పైగా ఖాళీ ఉంచుకోండి. టార్గెట్‌లో ఎక్కి ఉన్న మాడ్యూల్స్ జాబితా ఇచ్చే ఎల్ఎస్‌మాడ్ ఫలితాన్ని తెచ్చి మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కి ఇస్తే అవసరమైన మాడ్యూల్స్ మాత్రమే బిల్డ్ అవుతాయి, సమయం బాగా కలిసొస్తుంది. మాడ్యూల్స్‌ని టార్గెట్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 అని ఇవ్వండి, పేరు మొత్తం పెద్దక్షరాల్లో. లేకపోతే డీబగ్ సమాచారమంతా ఇనిట్ ర్యామ్‌డిస్క్‌లోకి ఎక్కి అది విపరీతంగా పెరుగుతుంది, కొన్ని మెషిన్లు బూట్ కూడా కావు. ఆ సమాచారం టార్గెట్‌కి అక్కర్లేదు, హోస్ట్‌లో ఉంటే చాలు.

బిల్డ్ చేసిన ఫోల్డర్‌ని హోస్ట్‌లో అలాగే ఉంచండి. అందులోని వీఎంలినక్స్ ఫైలే జీడీబీకి ఆధారం. టార్గెట్ బూట్ అయ్యే బీజెడ్‌ఇమేజ్, హోస్ట్‌లోని వీఎంలినక్స్ రెండూ ఒకే బిల్డ్‌వి అయి ఉండాలి. ఒక్క ఆప్షన్ మార్చి మళ్లీ బిల్డ్ చేసి, టార్గెట్‌లో కొత్తది పెట్టడం మరిచిపోతే అడ్రస్‌లన్నీ జారిపోతాయి.

మూడో మెట్టు: బూట్ పారామీటర్లు

టార్గెట్‌లో కెర్నెల్‌ని బూట్ చేసే గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో కెర్నెల్ కమాండ్ లైనుకి ఇవి చేర్చి అప్‌డేట్-గ్రబ్ నడపండి:

కన్సోల్=టీటీవై0 కన్సోల్=టీటీవైఎస్0,115200 కేజీడీబీఓసీ=టీటీవైఎస్0,115200 నోకేఏఎస్ఎల్ఆర్

చివరిది వదిలేయకండి. కెర్నెల్ ప్రతి బూట్‌కీ తన చిరునామాలని యాదృచ్ఛికంగా మార్చుకుంటుంది, అది భద్రత కోసం. డీబగ్గర్‌కి మాత్రం వీఎంలినక్స్‌లో రాసి ఉన్న చిరునామాలే తెలుసు. మార్చుకోవద్దని ఈ మాట చెబుతుంది. కన్సోల్ కూడా అదే పోర్టు మీద ఉండాలి. కేబుల్ గుండా బ్రేక్ సంకేతం పంపి కెర్నెల్‌ని ఆపే సౌకర్యం కన్సోల్‌గా ఉన్న సీరియల్ పోర్టు మీదే పనిచేస్తుంది.

బూట్ మొదట్లోనే వచ్చే తప్పు కోసం వెతుకుతుంటే లైను చివర కేజీడీబీవెయిట్ చేర్చండి. అది కేజీడీబీఓసీ తర్వాతే రావాలి, ముందు రాస్తే ఏ పోర్టు దగ్గర ఎదురుచూడాలో దానికి తెలియదు.

సెక్యూర్ బూట్ బయోస్‌లో ఆఫ్ చేయండి. సెక్యూర్ బూట్‌తో చాలా డిస్ట్రిబ్యూషన్లలో కెర్నెల్ లాక్‌డౌన్ ఆన్ అవుతుంది, 2022లో వచ్చిన మార్పు తర్వాత ఆ లాక్‌డౌన్ కేజీడీబీకి కూడా అడ్డం పడుతుంది.

రీబూట్ చేసి హోస్ట్‌లో మినీకామ్ చూస్తూ కూర్చోండి. టార్గెట్ బూట్ సందేశాలు కేబుల్ మీదుగా వరసగా రావాలి. అవి వస్తే ఈ మెట్టు పాస్.

నాలుగో మెట్టు: ఆపి, లోపలికి వెళ్లడం

ముందు టార్గెట్‌లో రూట్‌గా కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ విలువ 1 చేయండి. ఉబుంటులో మామూలుగా ఉండే 176తో కీబోర్డ్ నుంచి గానీ కేబుల్ నుంచి గానీ ఈ పని జరగదు. తర్వాత మినీకామ్‌లో కంట్రోల్-ఏ నొక్కి వదిలి ఎఫ్ నొక్కండి, అది బ్రేక్ పంపుతుంది. అయిదు సెకన్లలోపు జీ కొట్టండి. తెర మీద కేడీబీ ప్రాంప్ట్ వస్తే టార్గెట్ మొత్తం ఆగినట్టే, అన్ని సీపీయూలతో సహా. గో అని కొడితే మళ్లీ నడుస్తుంది. ఇలా రెండు మూడుసార్లు ఆపి, నడిపి చూడండి. చేతికి అలవాటు కావాలి, ఎందుకంటే అసలు హ్యాంగ్ వచ్చినప్పుడు టెన్షన్‌లో ఇదే తడబడుతుంది.

జీడీబీకి మారాలంటే కేడీబీ ప్రాంప్ట్ దగ్గర కేజీడీబీ అని కొట్టి, మినీకామ్ మూసేయండి. ఒకే పోర్టుని ఇద్దరు తెరిచి ఉంచితే వచ్చే అక్షరాలని చెరి కాసిని పంచుకుంటారు, ఎవరికీ ఏదీ అర్థం కాదు. తర్వాత హోస్ట్‌లో బిల్డ్ ఫోల్డర్ నుంచి జీడీబీ వీఎంలినక్స్ అని తెరిచి, లోపల ఇవి కొట్టండి:

సెట్ సీరియల్ బాడ్ 115200
సెట్ రిమోట్ ఇంటరప్ట్-సీక్వెన్స్ బ్రేక్-జీ
టార్గెట్ రిమోట్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

రెండో లైనులో బ్రేక్ పెద్దక్షరాలు, జీ చిన్నది. ఆ లైను ఉంటే జీడీబీలో కంట్రోల్-సీ నొక్కినప్పుడు బ్రేక్, దాని వెనకే జీ వెళ్తాయి. లేకపోతే ప్రతిసారీ ఆపడానికి టార్గెట్ దగ్గరికి నడవాలి. స్క్రిప్టులు లోడ్ కాలేదని జీడీబీ హెచ్చరిస్తే, ఆ హెచ్చరికలోనే చూపించిన లైనుని మీ హోమ్‌లోని జీడీబీఇనిట్ ఫైల్‌లో పెట్టండి.

కనెక్ట్ కాగానే మొదటి పని ఎల్ఎక్స్-వెర్షన్ అని కొట్టడం. కెర్నెల్ వెర్షన్, బిల్డ్ తేదీ శుభ్రంగా చదవడానికి వస్తే సింబల్స్ సరిపోయాయి. చెత్త వస్తే వీఎంలినక్స్ వేరే బిల్డ్‌ది, లేదా నోకేఏఎస్ఎల్ఆర్ పడలేదు. అలాంటి స్థితిలో బ్రేక్‌పాయింట్ అస్సలు పెట్టవద్దు. జీడీబీ ఎక్కడో సంబంధం లేని చోట మెమరీని మార్చేస్తుంది, కొత్త క్రాష్‌ని మీరే తయారు చేసినట్టవుతుంది.

కన్సోల్, జీడీబీ రెండూ ఒకేసారి కావాలంటే ఏజెంట్-ప్రాక్సీ అనే చిన్న ప్రోగ్రామ్ వాడండి. అది సీరియల్ పోర్టుని తాను పట్టుకుని రెండు నెట్‌వర్క్ పోర్టులుగా విడగొడుతుంది. ఒకదానికి టెల్‌నెట్, ఇంకోదానికి జీడీబీ. రోజూ ఈ పని చేసేవాళ్లకు ఇది తప్పనిసరి.

ఆగిన కెర్నెల్‌ని ఏమడగాలి

115200 బాడ్ అంటే సెకనుకి 11,520 బైట్లు మాత్రమే. ఒక ఎంబీ రావడానికి ఒకటిన్నర నిమిషం. ఈ లెక్క మనసులో ఉంచుకుని ప్రశ్నలు వేయాలి. జీడీబీలో ఇన్ఫో థ్రెడ్స్ అన్నారంటే వందల టాస్కుల వివరాలు ఒక్కొక్కటిగా ఈ తీగ గుండా రావాలి, టీ తాగి వచ్చినా పూర్తి కాదు. అదే కేడీబీలో పీఎస్ అంటే టార్గెట్టే లెక్క వేసి జవాబుని అక్షరాల్లో పంపుతుంది, క్షణాల్లో వస్తుంది. అందుకే నా పద్ధతి ఇది: చుట్టూ చూడటానికి కేడీబీ, ఒక చోట లోతుగా తవ్వడానికి జీడీబీ.

ఒక హ్యాంగ్ తీసుకుందాం. మెషిన్ పింగ్‌కి జవాబిస్తోంది, కానీ మీ డ్రైవర్‌ని వాడే ప్రోగ్రాములన్నీ బిగుసుకుపోయాయి, కిల్ చేసినా పోవడం లేదు. బ్రేక్-జీ తో ఆపి కేడీబీలో బీటీఏ అని, ఖాళీ వదిలి, పెద్దక్షరంలో డీ కొట్టండి. నిద్రలోంచి లేపడానికి వీల్లేని స్థితిలో ఉన్న టాస్కుల స్టాక్‌లు మాత్రమే వస్తాయి. రెండు టాస్కులు మ్యూటెక్స్ లాక్ (ఒకసారికి ఒక టాస్కుకే దొరికే తాళం) దగ్గర ఆగి ఉన్నాయనుకోండి. వాటి పీఐడీలు రాసుకుని జీడీబీకి మారండి. మీ డ్రైవర్ మాడ్యూల్ అయితే ఎల్ఎక్స్-సింబల్స్ అని, మాడ్యూల్ ఉన్న ఫోల్డర్ పేరు ఇచ్చి, దాని సింబల్స్ ఎక్కించండి. ఇప్పుడు ఆ మ్యూటెక్స్‌ని ప్రింట్ చేస్తే ఓనర్ అనే ఫీల్డ్ కనబడుతుంది. అందులో చివరి 3 బిట్లు కెర్నెల్ సొంత గుర్తులు. వాటిని సున్నా చేస్తే మిగిలింది ఆ లాక్‌ని పట్టుకున్న టాస్క్ చిరునామా. దాన్ని టాస్క్_స్ట్రక్ట్ పాయింటర్‌గా చూపమని కామ్, పీఐడీ ఫీల్డులు చదవండి. మొదటి టాస్కు ఎదురుచూసే లాక్ రెండో టాస్కు చేతిలో, రెండోది ఎదురుచూసేది మొదటి దాని చేతిలో ఉంటే డెడ్‌లాక్ దొరికింది. ఓనర్‌గా కనబడిన టాస్కు అసలు బతికే లేకపోతే, ఎర్రర్ వచ్చిన దారిలో అన్‌లాక్ చేయకుండా రిటర్న్ అయిన ఫంక్షన్ ఎక్కడో ఉంది, కోడ్‌లో దాన్ని వెతకండి. రోజుల తరబడి కోడ్‌లో ప్రింట్‌కేలు, అంటే కెర్నెల్ లాగ్‌లో లైను రాసే కాల్స్, పెట్టి ఊహించేదాన్ని ఇక్కడ నేరుగా చదువుతున్నారు. ఈ కష్టమంతా పడటానికి కారణం అదే.

పైగా ప్రింట్‌కే కూడా ఖరీదైనదే. సీరియల్ కన్సోల్ మీద 80 అక్షరాల లైను వెళ్లడానికి 7 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు సీపీయూల మధ్య పోటీ వల్ల వచ్చే తప్పు ఆ ఆలస్యంతో కనబడకుండా పోవచ్చు. ప్రింట్‌కే పెడితే తప్పు మాయమైంది, తీస్తే మళ్లీ వచ్చింది అంటే రేస్ కండిషన్ అని అనుమానించండి.

జీడీబీలో లోకల్ వేరియబుల్స్ అడిగితే ఆప్టిమైజ్డ్ అవుట్ అని తరచు వస్తుంది. కెర్నెల్‌ని ఆప్టిమైజేషన్ లేకుండా బిల్డ్ చేయలేం, కాబట్టి పై ఫ్రేముకి వెళ్లి అదే విలువని ఏదో స్ట్రక్చర్‌లో పట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఒక్కో లైను స్టెప్ చేయడం కూడా కెర్నెల్‌లో అంత సుఖంగా ఉండదు, ఇంటరప్ట్ వచ్చి ఇంకెక్కడికో తీసుకుపోతుంది. అనుమానం ఉన్న చోట బ్రేక్‌పాయింట్ పెట్టి కంటిన్యూ అనడమే మేలు. మామూలు బ్రేక్‌పాయింట్ పడకపోతే హెచ్‌బ్రేక్ వాడండి, ఎక్స్86లో అలాంటివి ఒకేసారి 4 పెట్టుకోవచ్చు. టైమర్, షెడ్యూలర్ ఫంక్షన్ల మీద పెట్టకండి, సెకనుకి వందలసార్లు ఆగుతుంది.

రాత్రిపూట వచ్చే హ్యాంగ్ కోసం

మీరు లేనప్పుడు వచ్చే తప్పుకి టార్గెట్ తనంతట తానే ఆగేలా సిద్ధం చేసి పెట్టవచ్చు. కెర్నెల్.హంగ్_టాస్క్_ప్యానిక్, కెర్నెల్.సాఫ్ట్‌లాకప్_ప్యానిక్, కెర్నెల్.హార్డ్‌లాకప్_ప్యానిక్ మూడింటినీ 1 చేయండి. అప్పుడు హ్యాంగ్ కనబడగానే కెర్నెల్ ప్యానిక్ అయి, అంటే ఇక నడవలేనని ప్రకటించి, డీబగ్గర్‌లోకి వస్తుంది. ఇంటరప్ట్‌లు మూసుకుని సీపీయూ బిగుసుకుపోయి, బ్రేక్ సంకేతం కూడా వినే స్థితిలో లేనప్పుడు మూడోది ఆదుకుంటుంది. వీటితోపాటు కెర్నెల్.ప్యానిక్ విలువ 0గా ఉండాలి. అందులో ఏదైనా అంకె ఉంటే, ప్యానిక్ తర్వాత రీబూట్ కావాలని మీరు కోరుకుంటున్నారని కెర్నెల్ అర్థం చేసుకుని డీబగ్గర్‌లోకి రాకుండానే వెళ్లిపోతుంది. పొద్దున వచ్చేసరికి లాగిన్ తెర కనబడుతుంది, సాక్ష్యం పోతుంది.

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉన్న బోర్డుల్లో దాన్ని ముందే ఆఫ్ చేయండి. కెర్నెల్ సొంత వాచ్‌డాగ్‌లకు కేజీడీబీ సర్దిచెబుతుంది గానీ, బయటి చిప్‌కి డీబగ్గింగ్ జరుగుతోందని తెలియదు, గడువు దాటగానే రీసెట్ కొడుతుంది. టార్గెట్‌ని చిన్న యూపీఎస్ మీద పెట్టడం కూడా మంచిది. మే నెల గాలివానకి కరెంటు పోయి, రెండు రోజులు కాచుకున్న హ్యాంగ్ చేజారితే ఆ బాధ అంతా ఇంతా కాదు.

సీరియల్ పోర్టే లేకపోతే

కొత్త ల్యాప్‌టాప్ టార్గెట్ అయితే లినక్స్‌లో తొలి బూట్ సందేశాలు చూడటానికి యూఎస్‌బీ 3 డీబగ్ సౌకర్యం ఉంది. దానికి రెండు వైపులా ఏ-టైప్ ఉండి, పవర్ తీగ తెంపిన ప్రత్యేక కేబుల్ కావాలి. మామూలు ఏ-టు-ఏ కేబుల్ గుచ్చకండి, రెండు మెషిన్ల పవర్ ఒకదానికొకటి ఎదురెక్కుతుంది. విండోస్ డ్రైవర్లు రాసేవాళ్లకు దారి వేరు. విండోస్ 8 నుంచి ఈథర్నెట్ కేబుల్ మీదుగా డీబగ్ చేసే కేడీనెట్ ఉంది, సీరియల్ కంటే చాలా వేగం. పోర్టు నంబరు 50000 నుంచి 50039 లోపు ఎంచుకుని, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేశాకే సెట్టింగులు మార్చండి. లేకపోతే తర్వాతి బూట్‌లో రికవరీ కీ అడుగుతుంది.

అమీర్‌పేటలో హాస్టల్ గదిలో ఒక్క ల్యాప్‌టాప్‌తో నేర్చుకుంటున్నవాళ్లు కేబుల్ కోసం ఆగాల్సిన పని లేదు. క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషిన్ ప్రోగ్రామ్‌లో టార్గెట్ నడిపి, దాని సీరియల్ పోర్టుని ఒక టీసీపీ పోర్టుకి తిప్పి, జీడీబీలో డెవ్ పేరుకి బదులు లోకల్‌హోస్ట్, ఆ పోర్టు నంబరు ఇవ్వండి. రెండో మెట్టు నుంచి అంతా అచ్చం ఇలాగే నడుస్తుంది. క్యూఈఎంయూకి -ఎస్ అనే సొంత జీడీబీ సౌకర్యం 1234 పోర్టు మీద ఉంది, తేలిక కూడా. కానీ నిజమైన మెషిన్ మీద పనికొచ్చేది కేజీడీబీ కాబట్టి సాధన దాని మీదే చేయమంటాను.

పని అయ్యాక

కేబుల్ పీకే ముందు జీడీబీలో కంట్రోల్-సీ తో ఆపి, డిలీట్ అని బ్రేక్‌పాయింట్లన్నీ తీసేసి, డిటాచ్ అనండి. నడుస్తుండగా కేబుల్ లాగేస్తే బ్రేక్‌పాయింట్లు కెర్నెల్ మెమరీలోనే ఉండిపోతాయి. వాటిలో ఏదో ఒకదాని మీద అడుగు పడగానే టార్గెట్ ఆగి, అవతల ఎవరూ లేని తీగ మీద జవాబు కోసం కూర్చుంటుంది. తర్వాత ఆ మెషిన్‌ని ఎవరికైనా ఇచ్చేటట్టయితే గ్రబ్‌లో చేర్చిన పారామీటర్లు తీసి, సిస్‌ఆర్‌క్యూ విలువని పాతదానికి మార్చి, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. కేజీడీబీ ఆన్‌లో ఉన్న మెషిన్‌కి సీరియల్ కేబుల్ తగిలించగలిగిన ఎవరైనా దాని మెమరీ మొత్తం చదవగలరు, మార్చగలరు.